తొంభై ఆరు కీర్తనలు

పోయినవారం మనం సునందని కాలనీ పెళ్లిళ్ల హాలు బరాత్ ఘర్ ఆఫీసు గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో చీపురు, ఒంటి మీద తెల్ల కరాటే బట్టలు, నడుముకి పదిహేడేళ్ల కిందట కాకినాడలో సంపాదించిన నల్ల బెల్టు. లోపల కుర్చీలో కాలనీ సంఘం కొత్త ప్రెసిడెంటు శేషగిరిగారు. నవంబరు నెల, ఆదివారం, పొద్దున్న ఏడున్నర. రెండు నిమిషాల పనుంది రమ్మని పిలిచారాయన. పెద్ద ఆఫీసరు రెండు నిమిషాల పని అన్నాడంటే అవతలివాళ్లకి రెండేళ్లు పట్టేదేదో ఉందని ఢిల్లీ సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో పెరిగిన ఎవరికైనా తెలుసు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. సునంద భర్త సుధీంద్ర కేంద్ర ప్రభుత్వంలో అసిస్టెంటు. పందొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క రోజు ఆలస్యంగా వెళ్లిన పాపాన పోలేదు. ఈ నెలాఖరుకి సెక్షనాఫీసరు ప్రమోషను లిస్టు రావాలి. సునంద కరాటే స్కూలు పెడతానన్న రోజున ఆయన ఒకే ఒక్క మాటన్నాడు, నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదు అని. ఆ రోజు నుంచి భార్యాభర్తల మధ్య కరాటే మాట వస్తే చాలు, ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళ్లిపోవడమే.

అంతకుముందు ఆవిడ సౌత్ ఢిల్లీలో ఒక అకాడమీలో పిల్లలకి నేర్పేది. నాలుగు గోడలకీ అద్దాలు, ఏసీ, గాజు తలుపు, కౌంటర్లో ఫోనెత్తడానికి ఒకమ్మాయి. పదకొండు నెలల్లో మూతబడింది. నేర్పేవాళ్లలో లోపం లేదు, నేర్చుకునేవాళ్లకి కొరత లేదు. వచ్చిందంతా అద్దెకీ కరెంటుకీ జీతాలకీ చాలక, చివరికి నేల మీద పరిచిన మ్యాట్లు కూడా ఇంటి ఓనరే పట్టుకుపోయాడు. ఆ రోజు సునందకి ఒక సంగతి బాగా ఎక్కింది. నెలనెలా మనం ఎవరెవరికి డబ్బు కట్టాలో వాళ్లందరూ మనకి యజమానులే. యజమానులు ఎంత తక్కువుంటే అంత ధైర్యంగా పాఠం చెప్పొచ్చు.

అందుకే బరాత్ ఘర్ హాల్లో పెట్టిన తన స్కూలుకి బోర్డు లేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక స్కెచ్ పెన్నుతో రాసి పాలబూత్ పక్కన అంటించింది, అంతే. చలికాలం వెళ్లాక కాలనీలో పారేసే రజాయిలన్నీ ఇంటింటికీ తిరిగి పోగేసింది. వీధిలోకొచ్చే దూదేకులవాడి చేత ఆ దూది ఏకించి, గట్టి కాన్వాసు సంచుల్లో కుక్కించి, తనే కుట్టుకుని పద్నాలుగు మ్యాట్లు చేసుకుంది. మార్కెట్లో తూకానికి దొరికే తెల్లగుడ్డతో పిల్లల బట్టలూ తనే కుట్టింది. అద్దాల పని కిటికీ గాజులు చేస్తాయి. ఇక ఊడవడానికి మనిషి ఎందుకు? కాకినాడలో మాస్టారి దగ్గర నేర్చుకున్నప్పుడు పాఠం అయ్యాక శిష్యులే నేల ఊడ్చేవాళ్లు. ఎవరు నిలబడ్డ నేల వాళ్లు శుభ్రం చేసుకోవాలన్నది ఆ విద్యలో మొదటి నియమం. ఇక్కడా అంతే. వంతుల వారీగా ఇద్దరిద్దరు పిల్లలు.

ఆ వంతుల్లో శేషగిరిగారమ్మాయి ఇషితకీ, బరాత్ ఘర్ చౌకీదారు అంకయ్య కూతురు గౌరికీ జత పడింది. అక్కడే వచ్చింది తంటా అంతా.

సునంద కుర్చీలో కూర్చోలేదు. చీపురు గోడకి ఆనించనూ లేదు.

శేషగిరిగారు పే కమిషను దగ్గర మొదలుపెట్టారు. ఆరోది వేశారు, ఎప్పటికి తేలుస్తారో అన్నారు. చలి ఈసారి తొందరగా వచ్చిందన్నారు. తర్వాత మెల్లిగా అసలు విషయానికి దిగారు. స్కూలు మంచిదే, పిల్లలు బాగుపడుతున్నారు, కాదనలేదు. కాకపోతే కాస్త పద్ధతిగా ఉండాలి. ఊడవడానికి ఒక మనిషిని పెట్టాలి, పేర్లు రాసుకోవడానికి ఒకమ్మాయిని పెట్టాలి, నేల మీద మంచి ఫోము మ్యాట్లు వేయించాలి. ఆ ఖర్చులకి ఫీజు మూడింతలు చెయ్యాలి. చేస్తే మన స్థాయి పిల్లలు మిగులుతారు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తగ్గిపోతారు. మా పిల్ల చీపురు పట్టడం మా ఆవిడ బాల్కనీలోంచి చూసి రెండు రోజులు అన్నం తినలేదమ్మా అన్నారు చివర్లో, అదేదో సునంద చేసిన హత్య అయినట్టు.

సునందకి ఒళ్లు మండింది. మండినా మర్యాదగానే చెప్పింది. ఆ ఖర్చులు పెడితే ఏడాది తిరక్కుండా మూసుకోవాలనీ, అలా మూసుకున్న చోట పనిచేసి వచ్చాననీ, వంతులు మార్చడం కుదరదనీ చెప్పింది. నమస్కారం పెట్టి వెనక్కి తిరగబోయింది.

అప్పుడు ఆయన సొరుగులోంచి ఎర్ర అట్ట రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టారు.

బరాత్ ఘర్ బుకింగుల పుస్తకమది. కాలనీలో ఎవరైనా పెళ్లికో పుట్టినరోజుకో హాలు కావాలంటే డబ్బు కట్టాలి. భజనకీ కీర్తనకీ అయితే ఉచితం. అడిగేది కూడా క్వార్టరు ఎవరి పేరున ఉందో ఆ ఉద్యోగే అడగాలి, సంతకం ఆయనే చెయ్యాలి. మార్చిలో హాలు కావాలని వెళ్లినప్పుడు పాత సెక్రటరీ పెద్దిరాజుగారు అదంతా తను చూసుకుంటానన్నారు, నువ్వు పిల్లల్ని చూసుకో తల్లీ అన్నారు. దూది కిలో దగ్గర అర్ధరూపాయికి అరగంట బేరమాడిన సునంద, ఊరికే వచ్చిన హాలు దగ్గర మాత్రం ఎలా వచ్చిందని ఒక్క ప్రశ్న అడగలేదు. ఖర్చంతా చూసుకున్నాననుకుని అన్నిటికంటే ఖరీదైనది అక్కడ వదిలేసింది. పెద్దిరాజుగారు జులైలో రిటైరై విశాఖపట్నం వెళ్లిపోయారు.

"వారానికి మూడు, ఎనిమిది నెలలు. తొంభై ఆరు" అన్నారు శేషగిరిగారు. "మీ ఇంట్లో తొంభై ఆరు కీర్తనలు జరిగాయమ్మా. ఢిల్లీలో ఇంత భక్తి ఉన్న కుటుంబం ఇంకోటి లేదు."

సునంద పుస్తకం వైపు వంగింది. కీర్తన్ అని రాశారా? ఎవరు రాశారు? ఆయన పుస్తకం తెరవలేదు, అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ప్రభుత్వోద్యోగి అబద్ధపు కారణం రాసి కాలనీ హాలు వాడుకున్నాడని ఆఫీసుకి ఒక్క ఉత్తరం వెళితే చాలన్నారు. ప్రమోషను లిస్టు ఈ నెలాఖరుకే కదా అని గుర్తుచేశారు. పాపం సుధీంద్ర చాలా మంచివాడు అని కూడా అన్నారు.

తర్వాత ఇంకో కాగితం తీశారు. ఇంగ్లీషులో నీటుగా టైపు చేసి ఉంది. దాని సారాంశం ఇది. నా భర్తకి తెలియకుండా ఆయన సంతకం నేనే పెట్టి హాలు తీసుకున్నాను, క్షమించండి, ఇకనుంచి సంఘం చెప్పినట్టు స్కూలు నడుపుతాను. కింద సునంద పేరు, సంతకానికి జాగా.

"ఇది నా సొరుగు దాటి బయటికి రాదు. ఆయన ఉద్యోగం ఆయనకుంటుంది, నీ స్కూలు నీకుంటుంది" అన్నారు.

నిజం చెప్పుకోవాలి. సునంద పెన్ను తీసుకుంది. ఆ నిమిషంలో ఆవిడకి కరాటే గుర్తు లేదు, కాకినాడ గుర్తు లేదు. పొద్దున్నే తల దువ్వుకుని, ఎనిమిదింటి చార్టర్డ్ బస్సు కోసం ఏడూ ముప్పావుకే రోడ్డు మీద నిలబడే మనిషి ఒక్కడే గుర్తున్నాడు. తనని పెళ్లి చేసుకున్న నేరానికి ఆయనకి ఈ గతి పట్టకూడదు. ఆ సంతకాలు పెద్దిరాజుగారే గీకి ఉంటారు. భర్త పేరు బదులు తన పేరు పోతే ఏం, ఒక్క అబద్ధం, అంతేగా.

కాగితంలో తేదీలు ఖాళీగా ఉన్నాయి. ఎప్పటినుంచి ఎప్పటివరకో చూసి నింపమని శేషగిరిగారు రిజిస్టరు ఆవిడ వైపు తిప్పారు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

సునంద మొదటి పేజీ చూసింది, రెండో పేజీ చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క వరసా కిందికి వెళ్లింది. సంతకం కింద రెండు చుక్కలు, పక్కన తేదీ, సంవత్సరంతో సహా. పాలవాడి చీటీ మీద కూడా తేదీ వెయ్యకుండా సంతకం పెట్టని మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. అయినా ఆవిడ నమ్మలేదు, చూసి గీయొచ్చు కదా అనుకుంది. మే నెల మూడో వారం దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ అక్షరాలు వంకర్లు పోయి, చిన్నపిల్లాడి రాతలా ఉన్నాయి. ఆ వారం సుధీంద్రకి కుక్కరు ఆవిరి తగిలి కుడి అరచెయ్యంతా బొబ్బలెక్కింది. అన్నం కూడా ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. దొంగ సంతకం పెట్టేవాడెవడూ దొంగ కట్టు కూడా కట్టుకుని పెట్టడు.

నా పేరు ఎక్కడా రాకూడదన్న మనిషి, ఎనిమిది నెలలపాటు, ప్రతి వారం తన పేరు తనే రాసుకున్నాడు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పకుండా. సునందకి కళ్లు చెమ్మగిల్లాయి, ఆ వెంటనే చెప్పలేనంత కోపమొచ్చింది. భర్త మీదో, ఈ ఎదుటి మనిషి మీదో, తన మీదో ఆవిడకే తెలియలేదు. పెన్ను మూత పెట్టి టైపు కాగితం మీద ఉంచింది.

"ఇది మా ఆయన సంతకమే" అంది. "నేను పెట్టలేదు. పెట్టానని రాయను."

"బాగా ఆలోచించుకో అమ్మా. ఆయన సంతకమే అయితే ఆయనకి మరీ ప్రమాదం."

"అవును. తప్పు రాశారు. తప్పేనని ఇద్దరం ఒప్పుకుంటాం. హాలుకి కట్టాల్సింది లెక్క చెప్పండి, నెలకింత అని కట్టుకుంటాను. అంతేగానీ ఆయన్ని దొంగని చెయ్యొద్దని నన్ను దొంగని చేసి, ఆ కాగితం మీ సొరుగులో పెట్టుకుని, ఏ పిల్ల రావాలో ఏ పిల్ల రాకూడదో మీరు చెబుతుంటే వినడానికి నేను మీ సెక్షన్లో క్లర్కుని కాదు శేషగిరిగారూ."

ఇరవయ్యేడేళ్లుగా ఎవరూ ఆయన్ని అలా పేరు పెట్టి పిలిచి ఉండరు. సార్ అనే మాట లేకుండా తన పేరు వినేసరికి శేషగిరిగారి మొహం ఎర్రబడింది. ఇషిత ఇక ఈ క్లాసుకి రాదని చెప్పారు. రేపు పదింటికి రిజిస్టరు జిరాక్సు సుధీంద్ర ఆఫీసులో ఉంటుందని చెప్పారు.

అదే సమయానికి తలుపులోంచి ఇషిత తల లోపలికి పెట్టింది. పదేళ్ల పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ నోట్లోంచి హిందీయే వస్తుంది. "దీదీ, ఝాడూ దీజియే నా. ఆజ్ మేరా నంబర్ హై" అంది. ఈ రోజు వంతు తనదట. హాల్లో గౌరి ఒక్కతే ఉందట, చీపురేమో దీదీ దగ్గర ఉండిపోయిందట. లోపల నాన్న ఉన్నాడని చూసి కూడా ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకోలేదు. సునంద శేషగిరిగారి వైపు ఒకసారి చూసి, చీపురు ఆ చేతిలో పెట్టింది. ఇషిత పరుగెత్తుకుంటూ హాల్లోకి పోయింది.

తర్వాత సునంద రిజిస్టరు దగ్గరికి లాక్కుని, కింద ఖాళీగా ఉన్న వరసలో తనే రాసింది. పేరు అన్నచోట సునంద. పని అన్నచోట కరాటే క్లాసు. సంతకం, పక్కన తేదీ, సంవత్సరంతో సహా.

"ఇది చెల్లదు. క్వార్టరు అలాటైన ఉద్యోగి సంతకమే ఉండాలి" అన్నారు శేషగిరిగారు.

"చెల్లకపోతే కొట్టేయండి. కొట్టేసినచోట మీ పొట్టి సంతకం పెట్టండి. రేపు జిరాక్సు తీసేటప్పుడు ఆ పేజీ కూడా తీయించండి."

ఆయన పెన్ను తీయలేదు. సునంద నమస్కారం పెట్టి బయటికొచ్చింది. పిల్లలు మ్యాట్లు చుట్టి మూలన పేర్చారు. నేల తళతళలాడుతోంది. గోడకి చేరబడి ఒక నిమిషం కళ్లు మూసుకుంది. రేపు పదింటి వరకూ టైముంది. ఈలోపు ఇంటికి వెళ్లి ఆ మనిషి మొహం చూసి ఈ సంగతి చెప్పాలి. నీ ప్రమోషను నా నోటి దూలతో పోగొట్టుకొచ్చానని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

ఇంటికి వెళ్లేసరికి సుధీంద్ర వంటింట్లో టీ కాస్తున్నాడు. సునంద చెప్పులు విప్పకముందే, ఆవిడ మొహం చూసి, ఆయనే అడిగాడు.

"సంతకం పెట్టావా?"

సునంద బిత్తరపోయింది. "ఏ సంతకం?"

"శేషగిరి టైపు చేయించిన కాగితం మీద. నీకూ చూపిస్తాడని తెలుసు. పెట్టావా?"

లేదంది సునంద. సుధీంద్ర గట్టిగా ఊపిరి వదిలి, స్టవ్ ఆర్పి, రెండు గ్లాసుల్లో టీ పోశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ చేతికి ఆయన టీ అందించింది ఎప్పుడో ఆవిడకి గుర్తు లేదు.

అప్పుడు చెప్పుకొచ్చాడు. పదిహేను రోజుల కిందట శేషగిరి లంచ్ టైములో ఆయన ఆఫీసుకే వచ్చాడట. కాంటీన్లో కూర్చోబెట్టి ఇలాంటి కాగితమే చూపించాడట. అందులో ఉన్న మాట వేరు. ఆ సంతకాలు నావి కావు, నా భార్య నాకు తెలియకుండా పెట్టింది అని ఉందట. అది రాసిస్తే నీ ప్రమోషనుకి ఢోకా లేదు, నీ భార్య సంగతి నేను చూసుకుంటానన్నాడట.

"మరి మీరెందుకు పెట్టారండీ ఆ సంతకాలు?" అంది సునంద. అడగాల్సింది అది కాదని తెలుసు, కానీ నోట్లోంచి ముందు అదే వచ్చింది.

సుధీంద్ర టీ గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు. మార్చిలో పెద్దిరాజుగారు బస్టాపుకి వచ్చి రిజిస్టరు ముందు పెట్టారట. నువ్వు పెట్టకపోతే ఆ అమ్మాయికి హాలు రాదు, ఆలోచించుకోమన్నారట. బస్సు వచ్చేస్తోందట. పెట్టేశాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం పెట్టేశాడు. పెద్దిరాజుగారు వెళ్లిపోయాక తనే ఆఫీసు గదికి వెళ్లి పెట్టొచ్చాడు.

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెబితే నువ్వు గెలిచినట్టయ్యేది" అన్నాడు సుధీంద్ర. అని తనే కాస్త నవ్వాడు.

సునందకి నవ్వు రాలేదు. రేపు పదింటికి జిరాక్సు వస్తుందని చెప్పేసింది. ఎదురు మాట్లాడి వచ్చానని చెప్పింది. మీరు తిట్టండి పడతానంది.

సుధీంద్ర లేచి గోడకి తగిలించిన ఆఫీసు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు. మెమో. తేదీ మొన్న శుక్రవారానిది. తమ అంతట తాము రాసి ఇచ్చిన లేఖ ప్రకారం, తప్పుడు కారణంతో కాలనీ హాలు తొంభైకి పైగా సార్లు వాడుకున్నందుకు పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. అది తేలేవరకు ప్రమోషను లిస్టులో పేరు పరిశీలించబడదు.

"తమ అంతట తాము అంటే?"

"నేనే రాసిచ్చాను. కాంటీన్లోంచి లేచి నేరుగా సీటు దగ్గరికి వెళ్లి రాసిచ్చేశాను. ఆ రిజిస్టరు గుట్టు వాడి దగ్గర ఉన్నంతకాలం మనిద్దరం వాడి చేతిలో ఉంటాం సునందా. అందుకని ఆ గుట్టేదో నా చేత్తో నేనే ఆఫీసుకి ఇచ్చేశాను. రేపు వాడు జిరాక్సు తెచ్చినా మావాళ్లు తీసుకుని ఫైల్లో పెట్టుకుంటారు, అంతే."

ఏళ్ల తరబడి ఫైళ్లు కదలని ఆఫీసులో ఇలాంటి ఫైళ్లకి మాత్రం రెక్కలొస్తాయి. సునంద మెమో రెండుసార్లు చదివింది. తను దేని కోసం గంట కిందట భయపడి పెన్ను పట్టుకుందో అది శుక్రవారమే పోయింది. పోయిన సంగతి జేబులో పెట్టుకుని ఈ మనిషి శనివారం కూరలు తెచ్చాడు, కరెంటు బిల్లు కట్టాడు. ఆవిడ ఆయన కుడి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆయన పట్టుకోనిచ్చాడు.

సంజాయిషీ ఏం రాద్దామని అడిగాడు కాసేపటికి. ఉన్నది ఉన్నట్టు రాయమంది సునంద.

మరి రేపటి క్లాసు? హాలు ఇక ఇవ్వరు. మ్యాట్లు లోపలే ఉన్నాయి. ఎనిమిది నెలల కష్టమంతా ఆ మూలన చుట్టి పెట్టి ఉంది. ఆ మాటే అనుకుంటూ ఉండగా బెల్లు మోగింది.

గుమ్మంలో అంకయ్య. కందుకూరు వైపు నుంచి తట్టపనికి వచ్చి, బరాత్ ఘర్ చౌకీదారుగా కుదురుకున్న మనిషి. హాలు వెనక ఒక గది, అందులోనే ఆయన, భార్య, గౌరి. ఉద్యోగం ఊడితే ఆ గదీ ఊడుతుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో కొత్త ఇత్తడి తాళం, దానికి వేలాడుతూ రెండు చెవులు.

"అమ్మగారూ, సారు ఈ తాళం హాలుకేసి చెవులు తనకి తెచ్చి ఇమ్మన్నారు" అన్నాడు. "గౌరిని ఇంక అటేపు రానీయొద్దన్నారు. నేను తాళం ఎయ్యలేదు. హాలు తీసే ఉంది. ఇయ్యి మీ కాడ ఉంచండి."

సునంద ఆ చెవుల వైపు చూసింది. తన స్కూలు, తన భర్త ఉద్యోగం వరకు ఎదురు నిలబడటానికి ఆవిడకి ధైర్యం చాలింది. ఆ ఒంటి గది మాత్రం తనది కాదు. చెయ్యి చాస్తే అంకయ్య కుటుంబం రేపు రోడ్డు మీద ఉంటుంది. చాచకపోతే గౌరికి ఏమని చెప్పాలి? సునంద చెయ్యి లేవలేదు.

వెనకనించి సుధీంద్ర వచ్చి, తాళంతో సహా ఆ రెండు చెవులూ అందుకున్నాడు.